రివాల్వరా, స్టీల్ పిస్టలా, పాలిమర్ పిస్టలా: మన దిక్కు లైసెన్స్ చేతికొచ్చినోళ్ల కోసం

ఈ మధ్య మా దిక్కు కొత్తగ లైసెన్స్ వచ్చినోళ్లు ఒకటే మాట అడుగుతున్రు, అన్నా యూట్యూబ్‌ల ఏది చూసినా గ్లాక్ గ్లాక్ అంటున్రు, ప్లాస్టిక్ (పాలిమర్ అంటే ఇదే) బాడీ, తేలిక, జామ్ అనేదే కాదు అంటున్రు, మరి మనం పోయి ఆ పాతకాలం రివాల్వర్ తెచ్చుకునుడు ఏంది అని. అడిగినోళ్లల్ల మిర్యాలగూడల మిల్లు నడిపేటాయన ఉన్నడు, దేవరకొండ దిక్కు పెట్రోల్ బంక్ ఉన్నాయన ఉన్నడు, మహబూబ్‌నగర్‌ల కాంట్రాక్టులు చేసే మా దోస్తు ఉన్నడు. ఫోన్ల సగం మాట్లాడేసరికి ఎవరో ఒకరొస్తరు, మాట ఆగిపోతది, అందుకే అంతా ఒక్క కాడ రాస్తున్న.

నా దగ్గర .32 రివాల్వర్ ఉన్నది, మా అన్న దగ్గర .32 పిస్టల్ ఉన్నది, రెండూ చానా ఏండ్ల సంది చూస్తున్నం. ఇగ పాలిమర్‌ది అంటే డాలస్‌ల ఉన్న మా బావమరిది దగ్గర రెండున్నయి, ఆయన అక్కడ సిటిజన్, తీరిక దొరికితే తుపాకి కొట్టి నేర్చుకునే జాగ, అదే రేంజ్‌కే పోతడు, ఆయన చెప్పినవన్నీ నేను కూసబెట్టి అడిగి తెలుసుకున్నయే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్న. పాలిమర్ పిస్టల్ మంచిదా అంటే మంచిదే, అందుల డౌట్ ఏం లేదు, గాని దానికి ఆ పేరొచ్చింది నెలకు వందల రౌండ్లు, అంటే తూటాలు, కొట్టేటోళ్ల చేతులల్ల. మనం ఏడాది మొత్తంల కొట్టేవి ఎన్ని, ఏ రౌండ్లు దొరుకుతయి, ఎక్కడ పెడుతం, ఏ దుమ్ముల తిరుగుతం, ఇయ్యి చూసుకొని ఎంచుకోవాలె గాని వీడియో చూసి కాదు.

ముందుగాల బోర్ (నాళం లోపలి సైజు) సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సగం మందికి ఇక్కడ్నే ఆగిపోతది. గ్లాక్ 19, సిగ్ పి365, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, మీరు చూసే వీడియోలల్ల ఉండేవి దాదాపు అన్నీ 9 ఎంఎం. మన దేశంల 9 ఎంఎం ప్రొహిబిటెడ్ (నిషేధించిన) బోర్, మామూలు లైసెన్స్ మీద రాదు. బయటి దేశం నుంచి తెప్పించుకుందాం అంటే 1980ల నడుమ నుంచే మామూలు జనానికి ఆ దారి బందయింది, పేరున్న షూటర్లకు తప్ప. అందుకే అప్పటి పాత జర్మనీ పిస్టల్ ఎవరన్న అమ్ముతున్నరంటే లక్షలల్ల ధర చెప్తరు, దాని పనితనం కోసం కాదు, ఇంక రావు కాబట్టి. ఇగ మన ముందట నిజంగ ఉన్నయి అంటే కాన్పూర్‌ల తయారయ్యే .32 రివాల్వర్లు, కోల్‌కతా కాశీపూర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే అశని .32 పిస్టల్, యూపీల సండీలా కాడ చేసే వెబ్లీ అండ్ స్కాట్ .32 రివాల్వర్. ఇయ్యి గాక డీలర్ ఎవరన్న .32ల పాలిమర్ ఫ్రేమ్‌ది చూపిస్తే, దాన్ని ఎట్ల చూడాల్నో కింద చెప్తున్న.

ఒక్క మాట ఇక్కడ్నే గుర్తు పెట్టుకోండ్రి, ఇది చిన్నదనిపిస్తది గాని కాదు. మనోళ్లు రెండిటినీ .32 అనే అంటరు గాని పిస్టల్‌ల పడే రౌండ్ వేరు, రివాల్వర్‌ల పడే రౌండ్ వేరు. పిస్టల్‌ది .32 ఏసీపీ, 7.65 అని కూడ అంటరు, 1899ల బ్రౌనింగ్ పిస్టల్‌తోని వచ్చింది. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, అంచు పెద్దగ ఉంటది, కేస్ (తూటా ఇత్తడి గొట్టం) పొడుగు ఉంటది. ఇంట్ల ఒకరికి రివాల్వర్, ఒకరికి పిస్టల్ ఉంటే డబ్బాలు కలవకుండ చూసుకోవాలె, షాపుల కొనేటప్పుడు డబ్బా మీద రాసింది చదివి తీసుకోవాలె, .32 ఇయ్యి అంటే సరిపోదు.

ఇగ పాలిమర్ గురించి. ఆ కంపెనీ పెట్టిన గాస్టన్ గ్లాక్ 1980ల మొదట్ల గ్లాక్ 17 తీసినప్పుడు ప్లాస్టిక్ తుపాకి ఏంది, పగిలిపోతది అన్నరంట, ఇప్పుడు చూస్తే చానా దేశాల పోలీసోళ్ల నడుముకు అదే. దానికన్న జర చిన్నది గ్లాక్ 19, 1988ల వచ్చింది, మ్యాగజైన్ల (తూటాలు పెట్టే డబ్బా) 15 రౌండ్లు పడతయి, ఖాళీగ ఆరు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటది. మా బావమరిది మొదలు కొన్నది అదే. ఆయన చెప్పేది ఏందంటే గ్రిప్ చేతికి నిండ పడతది, చిటికెన వేలు కిందికి జారదు, కొడితే మూతి లేస్తది గాని వెంటనే కిందికి వచ్చి పాత జాగల కూసుంటది, ఇన్నేండ్లల్ల ఆయనకు ఇబ్బంది పెట్టింది అంటే వేరే కంపెనీ సస్తా మ్యాగజైన్ పెట్టినప్పుడే. దాన్ని తీసి ఒరిజినల్ పెట్టినంక మళ్ల ఏం లేదు. పిస్టల్ జామ్ అయ్యిందంటే ముందుగాల మ్యాగజైన్‌నే అనుమానించాలె, ఇది ఏ పిస్టల్‌కైనా అంతే.

రెండోది సిగ్ పి365. 2018ల వచ్చింది, ఐదు వందల గ్రాముల కాడ ఉంటది, అంత చిన్నదాంట్ల 10 రౌండ్లు పట్టించుడు అప్పటికి పెద్ద విశేషం. మొదట్ల వచ్చిన పీసులల్ల ఫైరింగ్ పిన్ విరుగుతున్నదని కంప్లైంట్లు వచ్చినయి, కంపెనీ ఆ పార్ట్ మార్చింది, ఇప్పుడు దొరికేవాటితోని ఆ గొడవ లేదు. ఇది బెల్టు లోపల పెట్టుకుంటే ఉన్నట్టే తెలవదంట, దినమంతా మోసేటందుకు ఇదే బెస్ట్ అంటడు. గాని రేంజ్‌ల మాత్రం గ్లాక్ 19నే తీస్తడు, ఎందుకంటే చిన్న పిస్టల్ కొట్టినప్పుడల్ల చేతిల ఎగురుతది, గ్రిప్ పొట్టి, చెమట పడితే పట్టు తప్పుతది, ఓ యాభై రౌండ్లు అయ్యేసరికి బొటనవేలు మొదట్ల నొప్పి పుడతది. మోసేటందుకు సుఖమున్నది కొట్టేటందుకు కష్టం, కొట్టేటందుకు సుఖమున్నది మోసేటందుకు కష్టం, ఈ రెండూ ఒక్క దాంట్ల రావు.

ఇగ అసలు జామ్ ఎందుకైతదో చెప్పాలె. రౌండ్ పేలినప్పుడు స్లైడ్ (పిస్టల్ పైన ముందుకు ఎనకకు జరిగే భాగం) ఎనకకు పోవాలె, ఖాళీ కేస్‌ను బయటికి ఇసిరెయ్యాలె, మళ్ల ముందుకొచ్చి కొత్త రౌండ్ ఎక్కించుకోవాలె. స్లైడ్ ఎనకకు పూర్తిగ పోవాలంటే కింద ఫ్రేమ్ కదలకుండ నిలబడాలె, దాన్ని నిలబెట్టేది మన మణికట్టు. చెయ్యి మెత్తగ పట్టుకుంటే స్లైడ్‌తోని పాటు మొత్తం పిస్టలే ఎనకకు పోతది, స్లైడ్ సగం దూరమే పోతది, ఖాళీ కేస్ బయటికి రాక పైన నిలువుగ ఇరుక్కుంటది. బరువున్న స్టీల్ పిస్టల్ తన బరువుతోనే కొంత నిలబడతది, పాలిమర్ ఫ్రేమ్ తేలిక కాబట్టి ఆ పని అంతా చేతి మీదనే పడతది. మా చెల్లెకు, అంటే బావమరిది భార్యకు, మొదట్ల పి365తోని పదే పదే ఇదే అయ్యింది, ఆయన కొడితే అదే పిస్టల్, అవే రౌండ్లు, ఒక్కసారి కూడ ఆగలే. ఆమె నేర్చుకున్నది, చేతులు సాపి మణికట్టు బిగవట్టుడు అలవాటు చేసుకున్నది, ఇప్పుడు మంచిగ కొడతది, గాని అది నేర్చుకునేటందుకు ఆమెకు రేంజ్ ఉన్నది, ఒక్కోటి పావు డాలర్ కాడ రౌండ్లు దొరుకుతయి.

నేను చెప్పాలనుకున్నది గదే. అక్కడ కొత్త పిస్టల్ కొంటే రెండు వందల రౌండ్లు కొట్టినంకనే దాన్ని నమ్ముతరు, అందుల మళ్ల ఇంట్ల పెట్టుకునే రౌండ్లు వేరుగ, ప్రాక్టీస్ రౌండ్లు వేరుగ కొట్టి చూస్తరు. మనకు లైసెన్స్ మీద రౌండ్ల సంఖ్య రాసి ఉంటది, కొన్నది కొన్నట్టు అందుల ఎక్కిస్తరు, దొరికే కంపెనీ ఒకటో రెండో. ఆ రెండు వందలు కొట్టేసరికి మనకు ఏండ్లు పడతయి. కొట్టుదామన్నా నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి దగ్గరున్న రేంజ్ అంటే హైదరాబాద్‌ల సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరిదే, ఎటు నుంచి పోయినా వంద కిలోమీటర్లకు పైన్నే, పొద్దుగాల పోతే రాత్రికి వచ్చుడు. పొలం కాడ, గుట్ట ఎనక కొట్టి చూస్తం అంటే అది నేరం, పెండ్లి బరాత్‌ల గాలిల కొట్టుడు అయితే 2019 ఆయుధాల చట్టం సవరణ ప్రకారం రెండేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మానా, లైసెన్స్ పోవుడు వేరే. అందుకే తక్కువ కొట్టేటోని చేతిల కూడ పని చేసేది ఏది అన్నదే మన ప్రశ్న, ఎక్కువ కొట్టేటోనికి ఏది నచ్చింది అన్నది కాదు.

తక్కువ కొట్టేటోనికి రివాల్వర్ అచ్చొస్తది. మణికట్టు మెత్తగ పట్టినా గిర్రున తిరగాల్సింది తిరుగుతది, ఎందుకంటే దాన్ని తిప్పేది మన వేలు, పేలిన రౌండ్ కాదు. ఒక రౌండ్ పేలకుంటే మళ్ల ట్రిగ్గర్ గుంజితే పక్క రౌండ్ వస్తది, పిస్టల్‌ల అయితే స్లైడ్ గుంజి ఆ చెడిపోయిన రౌండ్ తీసెయ్యాలె, భయంల చేతులు వణికేటప్పుడు అది అయ్యే పని కాదు. లోడ్ చేసి ఉన్నదా లేదా చూసుడు కూడ సులువు, సిలిండర్ తెరిస్తే ఆరు గుంతలు కండ్ల ముందట్నే ఉంటయి. పిస్టల్‌ల మ్యాగజైన్ తీసినంక కూడ చాంబర్‌ల (నాళం మొదట్ల తూటా కూసునే గుంత) ఒకటి ఉండొచ్చు, ఇండ్లల్ల జరిగే చానా ఘోరాలు ఆ ఒక్కదాంతోనే. గ్లాక్ పిస్టల్‌ను సాఫ్ చేసేటందుకు ఇప్పాలంటే ముందు ట్రిగ్గర్ గుంజాలె, చాంబర్ కండ్లతోని చూసి, వేలు పెట్టి తడిమి చూసినంకనే ఆ పని చెయ్యాలె అని మా బావమరిది ఎవరికి చూపించినా మొదటి మాట అదే చెప్తడు. సిగ్ పి365కు ఆ అవసరం లేదు, ట్రిగ్గర్ ముట్టకుండ ఇప్పొచ్చు.

రివాల్వర్‌కు లోపాలు లేవని కాదు. ట్రిగ్గర్ గట్టి, తూటాను కొట్టే సుత్తిని (హ్యామర్) ముందు చేత్తోని ఎనకకు లాగకుండ నేరుగ గుంజితే పాలిమర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు ఒకటికి రెండింతల బలం కావాలె, ఆ గుంజుడుల మూతి పక్కకు పోతది, పది అడుగుల దూరంల కూడ గురి తప్పుతది. సిలిండర్ లావు, నడుము కాడ ఉబ్బెత్తుగ కనవడతది. ఆరే రౌండ్లు. ఇంకోటి, రివాల్వర్ జామ్ కాదు అంటరు గాని అయితది, ఖాళీ కేసులు బయటికి నెట్టే స్టార్ ఉంటది చూడండ్రి, దాని కింద కాలని మందు రవ్వ ఒక్కటి ఇరుక్కుంటే సిలిండర్ మూసుకోదు, మూసుకున్నా తిరగదు. నాకు ఇది అయ్యింది. అందుకే ఖాళీ చేసేటప్పుడు మూతి ఆకాశం దిక్కు పెట్టి ఒక్క ఊపుల నెట్టాలె, కేసులతోని పాటు ఆ రవ్వలు కూడ కింద పడతయి, తర్వాత పాత టూత్ బ్రష్‌తోని ఆ స్టార్ కింద ఒక్కసారి తుడవాలె. కాన్పూర్‌వి పాత మోడళ్లు, 2014ల వచ్చిన నిర్భీక్ కూడ, నడుమకు ఇరిగి తెరుచుకునేవి, 2023ల వచ్చిన ప్రబల్ మాత్రం సిలిండర్ పక్కకు తెరుచుకుంటది, ఏడు వందల గ్రాముల కాడ ఉంటది. నిర్భీక్ ఐదు వందల గ్రాములే, టైటానియం కలిసిన బాడీ, మోసేటందుకు హాయి. నాకైతే పక్కకు తెరుచుకునేదే నచ్చుతది.

ఇగ .32 పిస్టల్ సంగతి. సన్నగ ఉంటది, లాల్చీ కింద పెట్టుకుంటే ఎవరికి తెలవదు, రీకాయిల్ (కొట్టినప్పుడు ఎనకకు తన్నుడు) తక్కువ, ముసలోళ్లు కూడ కొట్టొచ్చు. గాని స్లైడ్ గుంజుడు మాత్రం అందరితోని కాదు, ఇది బ్లోబ్యాక్ (స్లైడ్‌ను ఆపేది దాని బరువు, స్ప్రింగే) కాబట్టి లోపల స్ప్రింగ్ గట్టిగ ఉంటది, మా అమ్మ ఎంత గుంజినా సగమే వచ్చింది. ఇంక దీనికి ఒక సొంత రోగం ఉన్నది, మా అన్న పిస్టల్ రెండు సార్లు ఇట్లనే ఆగింది. .32 ఏసీపీ రౌండ్ కింద అంచు కేస్ కన్న జరంత బయటికి ఉంటది, మ్యాగజైన్ల ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకు ముందట ఉండాలె. ఎనక పడ్డదనుకో, రెండు అంచులు కొక్కెం పడ్డట్టు పట్టుకుంటయి, స్లైడ్ ఎంత నూకినా పైది ముందుకు పోదు, కొట్టినా గుంజినా వస్తలేదు, మ్యాగజైన్ తీసి రౌండ్లన్నీ ఇప్పి మళ్ల పెట్టాలె. అందుకే ఒక్కొక్కటి పెట్టేటప్పుడు ఎనకకు ఒత్తి, అంచు కింది దానికి ముందట కూసున్నదా లేదా చూసుకొని పెట్టాలె. లోడ్ చేసిన మ్యాగజైన్‌ను కార్ డ్యాష్‌బోర్డ్‌ల గలగలా ఊగనిస్తే కూడ అంచులు జారతయి. .32 పాలిమర్ పిస్టల్ చూపించినా ఈ రోగం పోదు, ఎందుకంటే రోగం ఫ్రేమ్‌ది కాదు, రౌండ్‌ది.

దుమ్ము, చెమట, ఎండ, ఈ మూడిట్ల పాలిమర్‌కు మార్కులు ఎక్కువే ఇయ్యాలె. నల్లగొండల మే నెలల నలభై ఐదు దాక పోతది, నడుముకు పెట్టుకున్న స్టీల్ గన్ను సాయంత్రం తీస్తే చెమట తెల్లగ అట్టకట్టి ఉంటది, మర్నాటికి అక్కడ చిలుం పడతది. పాలిమర్ ఫ్రేమ్‌కు ఆ బాధ లేదు, పైన స్లైడ్ స్టీలే అయినా గ్లాక్ అసుంటి వాటికి గట్టి కోటింగ్ ఉంటది. మన దగ్గర ఎలక్షన్లు వచ్చినప్పుడల్ల స్టేషన్ల డిపాజిట్ చెయ్యాలె, 2021ల సాగర్ ఉపఎన్నిక, 2022ల మునుగోడు ఉపఎన్నిక, మళ్ల అసెంబ్లీ, పార్లమెంటు, ఒక్కోసారి నెలలకు నెలలు గన్ను మన చేతిల ఉండదు. తోలు కవర్‌ల పెట్టి అప్పజెప్తే తోలు చెమ్మ పీల్చి గన్నును తింటది. ఇచ్చేటప్పుడు పలుచగ నూనె పూసి, పొడి గుడ్డల చుట్టి ఇయ్యండ్రి, తిరిగి రాంగనే ఇప్పి చూడండ్రి. నూనె అంటే కుట్టుమిషన్ నూనె అన్న వాడండ్రి, కొబ్బరి నూనె మాత్రం వద్దు, మా దిక్కు చానా మంది అదే పూస్తరు, జనవరి పొద్దున అది గడ్డకడతది, ఎండకాలం బంకలాగ అయ్యి దుమ్మును పట్టుకుంటది. రైస్ మిల్లుల తిరిగేటోళ్లకైతే తౌడు దుమ్ము సన్నగ పోయి లోపల నూనెతోని కలిసి ముద్ద అయితది, మీరు నెలకొక్కసారి కాదు, వారానికొక్కసారి తుడవాలె.

డీలర్ కాడ ఏం చూడాలె అంటే, రివాల్వర్ అయితే ఖాళీ చేయించి, ట్రిగ్గర్ మెల్లగ గుంజి పట్టుకొని సిలిండర్‌ను వేళ్లతోని ఊపండ్రి, గట్టిగ నిలవాలె, కడకడ ఆడొద్దు, ఆరు గుంతలకు ఆరు సార్లు ఇట్లనే చూడాలె. పిస్టల్ అయితే స్లైడ్ మీరే గుంజండ్రి, ఇంట్ల ఇంకెవరి పేరు మీదనన్న లైసెన్స్ ఉంటే వాళ్లతోని కూడ గుంజించండ్రి, మ్యాగజైన్ బటన్ నొక్కితే దానంతటదే కింద పడాలె, ఇంకో మ్యాగజైన్ దొరుకుతదా లేదా ముందే అడగండ్రి, దొరకదంటే ఆ పిస్టల్ వద్దు. పాలిమర్‌ది అయితే దీనికి తోడు స్ప్రింగులు, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేస్‌ను గుంజే కొక్కెం) అసుంటి పార్టులు ఎక్కడ దొరుకుతయి, రిపేర్ ఎవరు చేస్తరు అనేది రాతపూర్వకంగ అడగండ్రి, నోటి మాట నమ్మకండ్రి. డమ్మీ (మందు లేని) రౌండ్లు కూడ కొనుక్కోండ్రి, అసలు రౌండ్లు వేరే రూంల తాళమేసి, డమ్మీలతోని ట్రిగ్గర్ గుంజుడు అలవాటు చేసుకుంటే రౌండ్లు ఖర్చు కాకుండ చెయ్యి కుదురుతది. ధర అడిగేటప్పుడు ట్యాక్స్ కలిపి అడగండ్రి, 2025 సెప్టెంబర్ 22 నుంచి పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పోయింది.

ఇప్పుడు ఎవరికి ఏది అంటే, దేవరకొండ బంక్ అన్నకు, ఏడాదికి ఒక్కసారి కూడ రేంజ్‌కు పోని వాళ్లందరికి, నేను రివాల్వరే చెప్తున్న, ఇంకో ఆలోచన లేదు. దినాం నడుముకు పెట్టుకొని తిరిగి, నెలకొక్కసారి హైదరాబాద్ పోయి కొట్టే ఓపిక ఉన్న మహబూబ్‌నగర్ దోస్తుకు సన్నటి .32 పిస్టల్ సరిపోతది, రెండు మ్యాగజైన్లు, పైన చెప్పిన అంచు సంగతి యాదిల పెట్టుకుంటే చాలు. పాలిమర్‌ది వస్తే అది కూడ ఇట్ల క్రమంగ కొట్టేటోళ్లకే. అడవి పందుల కోసం పిస్టల్ కొంటం అని అచ్చంపేట దిక్కు నుంచి ఒకరు అడిగిన్రు, .32 దానికి పనికి రాదు, గాయపడ్డ పంది ఇంకింత ప్రమాదం, పైగ అది అటవీ శాఖ పర్మిషన్‌తోని వాళ్లు చెప్పిన షూటర్లు చెయ్యాల్సిన పని.

అమెరికాల ఉన్న మన పిల్లలకు ఒక మాట. గ్లాక్ 19, పి365ల ఏది అంటే మొదటిసారి కొనేటోళ్లకు గ్లాక్ 19 సైజుదే, నేర్చుకునేటందుకు అది నయం, చిన్నది తర్వాత చూసుకోవచ్చు. గాని అంతకన్న ముందు వీసా చూసుకోండ్రి. ఎఫ్1ల చదువుకునేటోళ్లు, హెచ్1బీల ఉన్నోళ్లు, చూసిరానికి పోయిన అమ్మానాయినలు, వీళ్లకు అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి గాని తూటాలు గాని దగ్గర పెట్టుకునుడే నిషేధం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ అసుంటి కొన్ని మినహాయింపులు తప్ప. రేంజ్‌ల కిరాయికి తీసుకొని కొట్టుడు కూడ దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. దోస్తు పిలిచిండని పోయి ఫోటో దిగి పెడితే రేపు గ్రీన్ కార్డ్ కాడ తిప్పలొస్తయి. గ్రీన్ కార్డ్ వచ్చినంక కొనుక్కోవచ్చు, అప్పుడు కూడ మీరున్న రాష్ట్రం చట్టం చూసుకొని కొనాలె, టెక్సస్‌ల నడిచింది కాలిఫోర్నియాల నడవదు.